దొరకని రెండో కుక్క

మార్క్ ట్వేన్ తెలుగువారికి కొత్తవాడేమీ కాదు. నండూరి రామమోహనరావుగారి పుణ్యమా అని టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ మన పిల్లలతోపాటే పెరిగారు. అయితే ఆయన జర్మన్ భాష మీద రాసిన వ్యాసం మనలో చదివినవారు తక్కువ. 1878 వేసవిలో ఆయన హైడల్‌బర్గ్‌లో కొంతకాలం కాపురమున్నాడు. ఆ యాత్ర కథ 1880లో 'ఎ ట్రాంప్ అబ్రాడ్' అనే పుస్తకంగా వచ్చింది. దాని వెనక అనుబంధంగా చేర్చిన వ్యాసమే 'ది ఆఫుల్ జర్మన్ లాంగ్వేజ్'. 'ఘోరమైన జర్మన్ భాష' అందాం. ఒక పరభాషను వేళాకోళం చేసిన వ్యాసాల్లో ఇంత పేరు పొందినది మరొకటి లేదేమో. జర్మనులే దాన్ని చదివి నవ్వుకుంటారు.

నేను చదువుకున్నది కామర్సు. పొట్ట పోసుకుంటున్నది బ్యాంకులో. భాషాశాస్త్రం నా వృత్తి కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో రెండేళ్లపాటు మాక్స్ ముల్లర్ భవన్‌లో సాయంకాలపు తరగతులకు వెళ్లాను. ఆ మాత్రం చనువుతో ఈ వ్యాసాన్ని ఒక తెలుగువాడి కళ్లతో, అందులోనూ పొరుగు రాష్ట్రంలో పుట్టి పెరిగిన తెలుగువాడి కళ్లతో పరిశీలించాలని పూనుకున్నాను. ఇతరులు మన మాటను విని నవ్వడం ఎలాంటిదో హోసూరు వాణ్ణి నాకు తెలియకపోదు కదా!

ముందు ఆ కుక్క సంగతి చూద్దాం. జర్మన్‌లో కుక్కను 'హుంట్' అంటారు. ఒకటి కంటే ఎక్కువైతే 'హుండె'. ఆ కాలంలో చతుర్థీ విభక్తి ఏకవచనంలో కూడా చివర 'ఎ' చేర్చేవారు కాబట్టి 'కుక్కకు' అనడానికీ 'హుండె' అనేవారు. దీన్ని పట్టుకుని ట్వేన్ ఒక కథ అల్లాడు. పాపం, కొత్తగా జర్మన్ నేర్చుకుంటున్న విద్యార్థి రెండు కుక్కలకు డబ్బు చెల్లించి ఒక్క కుక్కతో ఇంటికి పోతాడు. తాను బహువచనం మాట్లాడాననుకున్నాడు, నిజానికి మాట్లాడింది చతుర్థీ ఏకవచనం. వ్యాకరణం అమ్మినవాడి పక్షాన ఉంది కాబట్టి దావా కూడా నిలవదట!

చదివిన ప్రతిసారీ నవ్వు వస్తుంది. కాని దస్తావేజులు చదవడం అలవాటైన కన్ను ఒకచోట ఆగుతుంది. జర్మన్‌లో నామవాచకం సాధారణంగా ఒంటరిగా రాదు, ముందొక ఉపపదం ఉంటుంది. చతుర్థీ ఏకవచనమైతే 'డేమ్ హుండె', ప్రథమా బహువచనమైతే 'డీ హుండె'. ట్వేన్ ఆ ఉపపదాన్ని జేబులో దాచేసి కుక్కను మాత్రమే చూపించాడు. పైగా కొనడానికి కావలసింది ద్వితీయా విభక్తి, చతుర్థి కాదు. అక్కడ ఏకవచనం 'డేన్ హుంట్', చివర 'ఎ' అనేది ఉండనే ఉండదు. హాస్యానికి లెక్క అడగరాదు, నిజమే. అయితే నూట నలభై ఏళ్లకు పైగా ఈ హాస్యాన్నే సాక్ష్యంగా చూపించి జర్మన్ బహువచనానికి తలా తోకా లేదంటున్నవాళ్లున్నారు. సాక్ష్యంగా వాడినప్పుడు లెక్క అడగక తప్పదు. ఆ చతుర్థి 'ఎ' కూడా ఇప్పుడు దాదాపు పోయింది. 'ఇంట్లో' అనడానికి వాడే 'త్సు హౌసె' వంటి కొన్ని పలుకుబళ్లలో మాత్రమే మిగిలింది. కుక్క కథ నిలిచింది కాని అది నిలబడిన నేల కరిగిపోయింది.

ఇంతకూ జర్మన్ బహువచనం అంత గందరగోళమా? చిట్టా వేసి చూద్దాం. (తెలుగు లిపిలో జర్మన్ ధ్వనులు ఉజ్జాయింపుగానే వస్తాయి, చదువరులు సర్దుకోవాలి.) 'టాక్', అంటే రోజు, 'టాగె' అవుతుంది. 'హాంట్', అంటే చెయ్యి, 'హెండె' అవుతుంది. చివర 'ఎ' చేరడమే కాదు, లోపలి అచ్చు కూడా మారింది. 'కింట్' అనే బిడ్డ 'కిండర్' అవుతుంది. 'ఫ్రౌ' అనే స్త్రీ 'ఫ్రౌయెన్' అవుతుంది. 'ఔటో' అనే కారు 'ఔటోస్' అవుతుంది. 'లేరర్' అనే ఉపాధ్యాయుడు ఒకరైనా పదిమందైనా 'లేరరే'. 'బ్రూడర్' అనే సోదరుడికి చివర ఏమీ చేరదు, లోపలి అచ్చు మాత్రం మారి 'బ్ర్యూడర్' అవుతాడు. మొత్తం ఏడు దారులు.

ఏడు దారులంటే దారి తప్పడమే అనుకోనక్కరలేదు. స్త్రీలింగ పదాల్లో అత్యధికం 'ఎన్' దారినే పోతాయి. 'ఉంగ్', 'హైట్', 'కైట్', 'షాఫ్ట్' అనే ప్రత్యయాలతో ముగిసేవి ఆ దారి తప్పవు. 'షెన్', 'లైన్' అనే చిన్నతనపు ప్రత్యయాలతో ముగిసేవి మారవు. పదం తెలిస్తే దాని లింగం, దాని చివరి అక్షరాలు చాలావరకు దారి చూపిస్తాయి. చూపించనివి కొన్ని మిగులుతాయి. వాటిని పదంతో కలిపి కంఠస్థం చెయ్యాలి. ఏ శాఖలోనైనా నిబంధనల పుస్తకానికి లొంగని పాత ఖాతాలు నాలుగు ఉంటాయి. వాటి గురించి తెలిసినవాడు ఒక పాత గుమాస్తా ఉంటాడు. భాషలో ఆ గుమాస్తా పేరు చరిత్ర.

ఆ చరిత్ర ఏమంటుందో వినండి. అతిథిని ఇప్పటి జర్మన్‌లో 'గాస్ట్' అంటారు, అతిథులను 'గెస్టె'. వెయ్యేళ్లకు పూర్వపు జర్మన్‌లో బహువచనం 'గెస్టి'. చివర ఉన్న 'ఇ' తనకు ముందున్న 'ఆ'ను తనవైపు లాక్కుంది. తర్వాత ఆ 'ఇ' అరిగి 'ఎ' అయింది. లాగినవాడు పోయాడు, లాగబడినవాడు అక్కడే ఉండిపోయాడు. మనకిది వింతగా తోస్తే ఒకసారి మన పులిని చూడండి. 'పులి'కి 'లు' చేరిస్తే 'పులిలు' కాలేదు, 'పులులు' అయింది. 'కత్తి' కత్తులయింది. 'గది' గదులయింది. 'మనిషి' మనుషులయ్యాడు. వెనక వచ్చే 'లు'లోని ఉకారం ముందున్న ఇకారాన్ని తన రూపానికి మార్చుకుంది. జర్మన్‌లో జరిగినదీ ఇలాంటిదే. మనకు అది పుట్టుకతో వచ్చిన పలుకు గనుక వింతగా తోచదు. పరాయివాడికి తోస్తుంది.

ట్వేన్ మాతృభాషకు కూడా ఇందులో పాలు ఉంది. ఇంగ్లీషులో 'ఫుట్' 'ఫీట్' ఎందుకయింది? 'మౌస్' 'మైస్' ఎందుకయింది? 'మాన్' 'మెన్' ఎందుకయింది? జర్మన్‌లో 'ఫూస్' 'ఫ్యూసె' అయిన కారణంగానే. 'ఓక్సె' 'ఓక్సెన్' అయినట్టే 'ఆక్స్' 'ఆక్సెన్' అయింది. 'చిల్డ్రన్'లోని రేఫ, 'కిండర్'లోని రేఫ ఒకే పాత ప్రత్యయపు ఆనవాళ్లు. ఇంగ్లీషు తన పాత సామాను చాలావరకు అమ్మేసి 'ఎస్' ఒక్కటి ఉంచుకుంది. జర్మన్ తాతల నాటి ఏడు పెట్టెలనూ ఇంట్లోనే ఉంచుకుంది. పెట్టెలు అమ్మేసినవాడు ఉంచుకున్నవాణ్ణి చూసి నవ్వాడు. ఈ బంధుత్వాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆ నవ్వును తూచలేం.

ఆ పెట్టెల వల్ల ఉపయోగమేమిటంటారా? నా వృత్తికి దగ్గరగా ఉన్న మాటే చూడండి. జర్మన్‌లో 'బాంక్' అంటే బెంచీ. 'బాంక్' అంటే మన బ్యాంకు కూడా. ఇటలీలో డబ్బు మార్చే షరాబులు వేసుకున్న బల్ల పేరే బ్యాంకుకు పేరయింది కాబట్టి రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే. లింగమూ ఒకటే, రెండూ స్త్రీలింగాలు. ఏకవచనంలో ఏది ఏదో సందర్భాన్ని బట్టి తెలుసుకోవలసిందే. బహువచనంలో ఆ కష్టం లేదు. బెంచీలు 'బెంకె', బ్యాంకులు 'బాంకెన్'. ఒకే దారి ఉన్న భాషకు ఈ సౌకర్యం దొరకదు. 'వోర్ట్' అంటే మాట. విడివిడి మాటలైతే 'వ్యోర్టర్', అందుకే నిఘంటువును 'వ్యోర్టర్‌బూఖ్' అంటారు. అర్థవంతంగా కూర్చిన మాటలైతే 'వోర్టె'. 'షుల్ట్' అంటే తప్పు, దోషం, రుణం కూడా. బహువచనంలో 'షుల్డెన్' అంటే మాత్రం అప్పులే. దోషభావానికి మూలం ఈ అప్పుల్లో ఉందని నీషే 1887లో నీతి పుట్టుపూర్వోత్తరాల మీద రాసిన గ్రంథంలో ఒక వాదమే నడిపాడు. అప్పులిచ్చే ఉద్యోగంలో తల నెరిసిన నాకు ఆ బహువచనం దగ్గర కాసేపు ఆగాలనిపించింది.

మనకు ఇలాంటిది లేదా అంటే భేషుగ్గా ఉంది. 'పన్ను' అంటే నోట్లో ఉండేది, సర్కారుకు కట్టేది కూడా. ఏకవచనంలో తేడా లేదు. బహువచనంలో ఒకటి పళ్లు, ఒకటి పన్నులు. పీకేటప్పటి నొప్పి మాత్రం రెండింటికీ ఒకటే. దీనికి ఎదురు నడిచేవీ ఉన్నాయి. 'పన్ను', 'పండు' ఏకవచనంలో వేరు, బహువచనంలో రెండూ పళ్లే. 'ఏడు' అంటే సంవత్సరం, 'ఏరు' అంటే వాగు. బహువచనంలో రెండూ ఏళ్లే. ఇక చెయ్యి చేతులవుతుంది, కాలు కాళ్లవుతుంది, గోరు గోళ్లవుతుంది, కూతురు కూతుళ్లవుతుంది, అల్లుడు అల్లుళ్లవుతాడు, స్నేహితుడు మాత్రం స్నేహితుళ్లు కాడు, స్నేహితులవుతాడు. ట్వేన్ హైడల్‌బర్గ్‌కు బదులు రాజమండ్రిలో దిగి ఉంటే మన గతి ఏమయ్యేదో! మన అదృష్టం కొద్దీ మనకు దొరికినవాడు బ్రౌన్ దొర. ఆయన కూడా పరాయివాడే. మన భాషలోని వంకర్లు ఆయనకూ కనబడే ఉంటాయి. ఆయన వాటిని పోగుచేసి 1840లో వ్యాకరణం వేశాడు, 1852లో నిఘంటువు వేశాడు. అతిథి ఇంటికి వచ్చి దూలాలు లెక్కపెట్టవచ్చు, నవ్వవచ్చు కూడా. ఎవరు ఏం చేశారన్నది మాత్రం ఇంటివాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

ట్వేన్ చేసిన మరో రెండు ఫిర్యాదులు తెలుగువాడికి వేరుగా వినిపిస్తాయి. మొదటిది 'జీ' అనే సర్వనామం. ఆ ఒక్క చిన్న మాట ఆమె, ఆమెను, వాళ్లు, వాళ్లను, మీరు వగైరా అర్థాలన్నీ మోయాలా అని ఆయన విసుగు. నిజానికి గౌరవంగా 'మీరు' అనడానికి జర్మన్ వాడేది 'వాళ్లు' అనే బహువచన రూపాన్నే, రాతలో పెద్దక్షరంతో. క్రియ కూడా బహువచనమే. ఇంగ్లీషువాడికి ఇది పేదరికంలా తోచింది. మనకు తోచదు. ఎదుట ఉన్న పెద్దాయన ఒక్కరే అయినా 'మీరు వచ్చారా' అంటాం. లేనివారిని గురించి 'వారు వచ్చారు' అంటాం. గౌరవం బహువచనంలో ఉంటుందన్న సంగతి కన్నడ, తమిళ, తెలుగు ఇళ్లల్లో ఐదేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఈ ఒక్కచోట జర్మన్ బహువచనం ట్వేన్ కంటే మనకే దగ్గర చుట్టం.

రెండోది లింగం. జర్మన్‌లో ఆడపిల్లను సూచించే 'మేట్‌షెన్' నపుంసకలింగం. కూరగాయకు లింగం ఉండి కన్యకు లేకపోవడమేమిటని ట్వేన్ వెక్కిరించాడు. చివరనున్న 'షెన్' ప్రత్యయమే దానికి కారణం, అది చేరితే ఏ పదమైనా నపుంసకమే. మనమిక్కడ నవ్వబోయే ముందు గొంతు సవరించుకోవాలి. 'ఆవు వచ్చింది' అంటాం, 'అమ్మాయి వచ్చింది' అంటాం. తమిళుడు 'అవళ్ వందాళ్' అంటాడు, కన్నడిగుడు 'అవళు బందళు' అంటాడు. వాళ్ల క్రియ ఆడమనిషిని వేరుగా గుర్తిస్తుంది. ఈ ఒక్క విషయం మీద బడిలో పొరుగు పిల్లల ఎగతాళి పడని తెలుగు బిడ్డ మా వైపు అరుదు. వాళ్లకు మనం చెప్పదగిన జవాబు బహువచనంలో ఉంది. 'ఆవులు వచ్చాయి', కాని 'అమ్మాయిలు వచ్చారు'. ఏకవచనంలో ఆవు పక్కన నిలబెట్టిన ఆడదాన్ని బహువచనంలో మన భాష మగవాడి సరసన నిలబెట్టింది. జర్మన్‌లోనూ ఇలాంటిదే ఒక విశేషం ఉంది. ఏకవచనంలో 'డేర్', 'డీ', 'డాస్' అంటూ మూడు ఉపపదాలు. బహువచనం దగ్గరకు వచ్చేసరికి ముగ్గురికీ 'డీ' ఒక్కటే. లింగాల గోడ అక్కడ కూలిపోతుంది. ట్వేన్ వ్యాసపు బరువంతా ఆ గోడ మీదే. అది కూలిన చోట ఆయన కాసేపు నిలబడి ఉంటే ఆ వ్యాసం ఇంకా ఎత్తుకు పోయేది.

ఇక చివరి దారి, 'ఎస్'. ఈ సంగతి ట్వేన్ కాలానికి అందినది కాదు. 1995లో మార్కస్, క్లాసెన్, పింకర్ మొదలైనవారు ఒక వాదం ప్రతిపాదించారు. 1999లో పింకర్ తన 'వర్డ్స్ అండ్ రూల్స్' పుస్తకంలో దాన్ని విస్తరించాడు. జర్మన్‌లో 'ఎస్' పుచ్చుకునే పదాలు కొద్దివే. అయినా ఏ దారికీ చెందని పదం వస్తే అది వెళ్లేది అక్కడికే. పరభాషా పదాలు, పొడి అక్షరాల పేర్లు, ఇంటిపేర్లు, అన్నీ అంతే. ముల్లర్ కుటుంబంవారు 'ముల్లర్స్'. అంటే సాధారణ సూత్రం కావడానికి సంఖ్యాబలం అక్కరలేదన్నమాట. ఈ వాదాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. నాకు మాత్రం ఇది చూడగానే మా సస్పెన్స్ ఖాతా గుర్తుకొచ్చింది. ఏ పద్దుకు చెందుతుందో తేలని మొత్తాన్ని ముందు అందులో వేస్తాం, తేలాక అసలు ఖాతాకు మారుస్తాం. జర్మన్‌లోనూ అలాగే జరుగుతుంది. ఇటలీ నుంచి వచ్చిన పిజ్జాకు 'పిజ్జాస్' అనే రూపం ఉంది, ఇల్లు అలవాటయ్యాక వచ్చిన 'పిజ్జెన్' కూడా ఉంది. బ్యాంకు ఖాతాను 'కోంటో' అంటారు. దానికి 'కోంటోస్' అనీ ఉంది, 'కోంటెన్' అనీ ఉంది. నిలదొక్కుకున్నది 'కోంటెన్'. ఇంగ్లీషు నుంచి వచ్చిన 'కంప్యూటర్' అయితే సస్పెన్స్ ఖాతాలో కూడా పడలేదు. 'లేరర్' పక్కన కూర్చుని, ఒకటైనా వందైనా 'కంప్యూటరే' అయింది. అన్నిటికంటే ముచ్చటైనది 'కేక్స్'. ఇంగ్లీషులో అది బహువచనం. జర్మనులు దాన్ని ఒక బిస్కత్తు పేరుగా తీసుకుని ఏకవచనం చేసేసి, దాని మీద తమ 'ఎ' చేర్చి 'కేక్సె' అన్నారు. 'సాక్సులు' అనే మనకు ఇందులో ఆశ్చర్యం ఏముంది?

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. పరభాషా పదం రావడం వల్ల ఏ భాషా చెడిపోదు. బ్యాంకు, చెక్కు, బస్సు, కారు మన ఇంట్లోకి వచ్చాయి. వచ్చి బ్యాంకులు, చెక్కులు, బస్సులు, కార్లు అయ్యాయి. మన 'లు' తగిలించుకున్నాక అవి మనవే. కాని ఇప్పుడు ఇళ్లల్లో వింటున్నది 'ఫ్రెండ్స్ వచ్చారు', 'టీచర్స్ చెప్పారు', 'పేరెంట్స్ రావాలట'. పదంతోపాటు దాని బహువచనం కూడా వస్తోంది. పదం వస్తే అతిథి వచ్చినట్టు. బహువచనం వస్తే అతిథి తన వంటమనిషిని కూడా వెంటబెట్టుకుని వచ్చినట్టు. ఇది హైదరాబాదులోనూ ఉంది, విజయవాడలోనూ ఉంది. బయట ఉన్న మన విషయంలో ఇంకొక పోటు కూడా ఉంది. తమిళంలో 'పత్తు రూపాయ్', కన్నడంలో 'హత్తు రూపాయి' అంటే చాలు, అంకె ఉంటే మళ్లీ బహువచనం అక్కరలేదు. జర్మన్‌లో కూడా పది యూరోలను 'త్సేన్ ఓయ్‌రో' అనే అంటారు. తెలుగు మాత్రం పది అన్నాక కూడా 'రూపాయలు' అనే అంటుంది. మా వీధి పిల్లలు 'రెండు పుస్తకం ఇవ్వు' అనడం వింటున్నాను. ఆ వాక్యంలో ఒక్క పరాయి మాట కూడా లేదు. అయినా తెలుగు జారిపోయింది.

మరి పిల్లల్ని వెక్కిరిద్దామా? ఆ పని చేస్తే ట్వేన్ మీద ఇంత రాసి లాభమేమిటి? వెక్కిరింత వల్ల పిల్లవాడు తెలుగు దిద్దుకోడు, తెలుగు మానేస్తాడు. ఇంకొక మాట కూడా మనవి చెయ్యాలి. మా వైపు 'కండ్లు', 'పండ్లు', 'ఇండ్లు' అంటే కోస్తా నుంచి వచ్చిన బంధువులు నవ్వుతారు. రాయలసీమలో, తెలంగాణలో ఉన్న రూపాలే అవి. పాత పుస్తకాల్లోనూ కనిపించే రూపాలే. జర్మన్ లాగే మనం కూడా తాతల నాటి పెట్టెలు దాచుకున్నాం. 'పుస్తకం' జారడం వేరు, 'కండ్లు' నిలవడం వేరు. ఈ రెంటినీ ఒకే గాట కట్టి నవ్వేవారికి మన భాష గురించి తెలిసింది తక్కువని తెలుసుకుంటే చాలు, కుంగిపోనక్కరలేదు.

ట్వేన్ పట్ల న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆయన జర్మన్‌ను ద్వేషించలేదు. 1897లో వియన్నాలో పత్రికారచయితల సభలో జర్మన్ భాష పెట్టే భయాల గురించే, జర్మన్‌లోనే ఉపన్యసించాడు. ఇరవై ఏళ్లపాటు వదలకుండా పట్టుకున్నవాడికే ఆ చనువు ఉంటుంది. కాబట్టి ఆయన వ్యాసాన్ని హాస్యంగా చదువుదాం, తీర్పుగా చదవవద్దు. వాక్యాల నిడివి మీద, విడిపోయే క్రియల మీద ఆయన విసుర్లు ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి. బహువచనం దగ్గర మాత్రం ఆయన ఒక్క కుక్కను చూపించి వెళ్లిపోయాడు. బ్యాంకులను, బెంచీలను, అప్పులను, అతిథులను, లింగభేదం కూలిన గోడను మనమే వెళ్లి చూసుకోవాలి.

బరంపురంలో, షోలాపురంలో, యానాంలో, మా హోసూరులో ఈ పత్రిక చదివేవారికి ఒక సూచన. మన పిల్లలు ఉద్యోగాల కోసం జర్మన్ నేర్చుకుంటున్నారు, మంచిదే. 'గాస్ట్', 'గెస్టె' అని వాళ్లు వల్లె వేస్తున్నప్పుడు పక్కన కూర్చుని 'పులి'కి బహువచనం ఏమిటని అడగండి. 'పులులు' అని ఠక్కున చెబితే, మరి 'పులిలు' ఎందుకు కాదని అడగండి. ఎవరూ నేర్పకుండానే తమకు వచ్చిన సూత్రం ఎంత లోతైనదో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. తెలిసినదాన్ని ఎవరూ అంత తేలిగ్గా పారేసుకోరు.